యుద్ధ రసాయనాలు – సైనికుల సంతానం

వరిచేలలో వెడల్పాకుల కలుపును చంపటానికి 2,4-డి అనే మందు చల్లటం మన రైతులకు కొత్త కాదు. వరి గడ్డిజాతి మొక్క కనుక దానికి ఆ మందు వలన అంతగా నష్టం లేదు. పక్కనున్న వెడల్పాకు మొక్క మాత్రం మెలికలు తిరిగి ఎండిపోతుంది. మొక్కల పెరుగుదలను నడిపే ఆక్సిన్ అనే హార్మోనును ఈ రసాయనం అనుకరిస్తుంది. మితిమీరిన హార్మోను వలన మొక్క అడ్డదిడ్డంగా పెరిగి, ఆ పెరుగుదల వలననే చనిపోతుంది. 2,4-డి అణువులోని బెంజీన్ వలయానికి రెండు క్లోరిన్ పరమాణువులు అంటి ఉంటాయి. మూడవ క్లోరిన్ పరమాణువు చేరితే అది 2,4,5-టి అవుతుంది. ఇది కలుపునే గాక పొదలను, చెట్లను కూడ చంపగలదు.

ఈ రెండు రసాయనాల ఎస్టర్లను సమపాళ్లలో కలిపిన ద్రవానికే ఏజెంట్ ఆరెంజ్ అని పేరు. ద్రవం రంగు నారింజ కాదు. అమెరికా సైన్యం దానిని నింపిన పీపాల చుట్టూ నారింజరంగు పట్టీ వేసేది. పేరు ఆ పట్టీనిబట్టి వచ్చినది. వియత్నాం యుద్ధకాలంలో, 1962 నుండి 1971 వరకు, దక్షిణ వియత్నాం అడవులమీద, పంటపొలాలమీద ఈ ద్రవాన్ని, ఇటువంటి మరికొన్ని ద్రవాలను విమానాలనుండి చల్లారు. శత్రువుకు దాగటానికి ఆకుల చాటు, తినటానికి పంట లేకుండ చేయటం దీని ఉద్దేశం. మొత్తం 7 కోట్ల లీటర్లకు పైగా చల్లినట్లు లెక్క. అందులో సగానికి మించి ఏజెంట్ ఆరెంజే. 2003లో నేచర్ పత్రికలో వెలువడిన ఒక పరిశోధన ప్రకారం, మందు పడిన పల్లెలలో కనీసం 21 లక్షల మంది, బహుశా 48 లక్షల మంది నివసించి ఉండాలి. వియత్నాంలో పనిచేసిన అమెరికా సైనికులు 26, 27 లక్షల మంది.

యుద్ధం నుండి తిరిగి వచ్చినవారిలో చాలమంది వివాహం చేసుకొని బిడ్డలను కన్నారు. కొందరి బిడ్డలు అవకరాలతో పుట్టారు. తండ్రి అడవిలో ఉండగా మీద పడిన మందు, కొన్ని సంవత్సరాల తరువాత, వేల మైళ్ల దూరంలో, ఆ మందును ఎన్నడూ చూడని బిడ్డకు హాని చేయగలదా? 1970 దశకం చివరినుండి ఈ ప్రశ్న అమెరికాలో న్యాయస్థానాలకు, శాసనసభకు, ప్రయోగశాలలకు ఎక్కినది. మందు చల్లిన దేశంలో ఆ ప్రశ్న ఇంకా ముందే పుట్టినది.

మందులోని మలినం

ఏజెంట్ ఆరెంజ్‌లో ప్రధాన ప్రమాదం అందులోని కలుపుమందులకంటె వాటితో కలిసి వచ్చిన ఒక మలినం వలన కలిగినది. 2,4,5-టి తయారు చేయటానికి ముందుగా ట్రైక్లోరోఫినాల్ అనే పదార్థం కావాలి. టెట్రాక్లోరోబెంజీన్‌ను క్షారంతో కలిపి వేడిచేస్తే అది వస్తుంది. వేడి అదుపు తప్పితే రెండు ట్రైక్లోరోఫినాల్ అణువులు ఒకదానితో ఒకటి కలిసిపోతాయి. రెండు బెంజీన్ వలయాలు, వాటి నడుమ రెండు వంతెనలవలె రెండు ఆక్సిజన్ పరమాణువులు, మూలలయందు నాలుగు క్లోరిన్ పరమాణువులు – ఇట్లు ఏర్పడిన అణువు పేరు టి.సి.డి.డి. డయాక్సిన్ల కుటుంబంలో అన్నిటికంటె విషపూరితమైనది ఇదే. 2,4-డి తయారీలో ట్రైక్లోరోఫినాల్‌తో పని లేదు కనుక అందులో ఈ టి.సి.డి.డి. పుట్టే మార్గం లేదు. మన పొలాలలోని మందుకు, ఏజెంట్ ఆరెంజ్‌కు బంధుత్వం ఉన్నదన్న మాట నిజమే. కాని ఈ కథలో ముద్దాయి బంధువు కాదు, మలినం.

మలినం పరిమాణం చాల తక్కువ. పది లక్షల పాళ్లలో కొద్ది పాళ్లు మాత్రమే. యుద్ధకాలంలో చల్లిన మందులన్నిటిలో కలిపి కనీసం 366 కిలోగ్రాముల టి.సి.డి.డి. ఉన్నదని పైన చెప్పిన పరిశోధకులే అంచనా వేశారు. ఒక లారీలో పట్టే బరువు. అయితే గినీపందికి ప్రాణాంతకమయ్యే మోతాదు, దాని శరీరపు బరువులో కిలోగ్రాముకు ఒకటి రెండు మైక్రోగ్రాములు. మైక్రోగ్రాము అంటే గ్రాములో పది లక్షలవ వంతు. విచిత్రమేమంటే, అటువంటిదే మరొక చిన్న జంతువైన హామ్‌స్టర్‌ను చంపటానికి దానికి వేయి రెట్లకు మించిన మోతాదు కావాలి. ఒక జంతువులో కనిపించిన ఫలితాన్ని ఇంకొక జంతువుకు, అక్కడినుండి మనిషికి, తిన్నగా అన్వయించరాదనటానికి ఇంతకంటె మంచి ఉదాహరణ దొరకటం కష్టం.

టి.సి.డి.డి. నీటిలో కరగదు, కొవ్వులో కరుగుతుంది. అందువలన మూత్రంతో బయటికి పోదు. శరీరంలోని కొవ్వులో చేరి కూర్చుంటుంది. మనిషి శరీరంలో అది సగానికి తగ్గటానికి సుమారు 7 సంవత్సరాలు పడుతుంది. ఆ లెక్కన 7 ఏళ్లకు సగం, 14 ఏళ్లకు పావు, 21 ఏళ్లకు ఎనిమిదవ వంతు మిగులుతుంది. 1968లో మోతాదు తగిలిన సైనికునికి 1975లో బిడ్డ పుడితే, అప్పటికి అతని శరీరంలో సగం మిగిలే ఉన్నదన్నమాట.

జీవకణంలో ఇది చేసే పని ఇప్పుడు చాలవరకు తెలిసినది. కణంలో ఒక ప్రత్యేకమైన గ్రాహక ప్రోటీన్ ఉన్నది. టి.సి.డి.డి. దానికి తాళంచెవివలె అతుక్కొని, కేంద్రకంలోనికి పోయి, ఎన్నో జన్యువులను వేళగాని వేళ పనిచేయిస్తుంది, లేదా పనిచేయకుండ ఆపుతుంది. అయితే అది జన్యువులోని అక్షరాలను తిన్నగా మార్చదు. ఎక్స్‌కిరణాలవలె ఉత్పరివర్తనాలు కలిగించే పదార్థం కాదు. ఈ ఒక్క సంగతి సైనికుల బిడ్డల ప్రశ్నకు ప్రాణం వంటిది.

తల్లి మార్గం, తండ్రి మార్గం

తల్లి శరీరంలో డయాక్సిన్ ఉంటే అది బిడ్డకు చేరటంలో వింత లేదు. మాయగుండా పిండానికి పోతుంది. చనుబాలలో కొవ్వు ఉంటుంది కనుక పాలద్వారా కూడ పోతుంది. 2,4,5-టి ఇచ్చిన ఎలుకలకు, చుంచులకు అవకరాలుగల పిల్లలు పుట్టటం 1969లో బయటపడిన తరువాతనే 1970 ఏప్రిల్‌లో అమెరికా ప్రభుత్వం ఏజెంట్ ఆరెంజ్ వాడకాన్ని నిలిపివేసినది. కాని ఆ ప్రయోగాలలో మందు తిన్నవి తల్లులు.

అమెరికా సైనికులలో చాల ఎక్కువమంది మగవారు. వారి భార్యలు వియత్నాం చూడలేదు. తండ్రినుండి బిడ్డకు చేరేది ఒక్క శుక్రకణం. దానిద్వారా హాని ఎట్లు పోవాలి? ఒక మార్గం, శుక్రకణంలోని జన్యువు చెడటం. డయాక్సిన్ ఆ పని తిన్నగా చేయదని పైన చూశాం. రెండవది, ఆ రసాయనమే వీర్యంలో కలిసి తల్లిని చేరటం. ఇది అసాధ్యం కాదుగాని, ఆ విధంగా చేరగల పరిమాణం అతి స్వల్పం. మూడవది నేటి జీవశాస్త్రం చూపిన మార్గం. జన్యువు అక్షరాలు మారకపోయినా, ఏ జన్యువు ఎప్పుడు పనిచేయాలో తెలిపే చిన్న రసాయన గుర్తులు దానిమీద అంటి ఉంటాయి. పుస్తకంలోని అచ్చు మారకుండ, అంచులలో పెన్సిలుతో పెట్టిన గుర్తులు మారినట్లు ఈ గుర్తులు మారవచ్చు.

శుక్రకణం తయారు కావటానికి రెండున్నర నెలలు పడుతుంది. కనుక సైనికుడు యుద్ధభూమిలో ఉన్ననాటి శుక్రకణాలు అతడు ఇల్లు చేరిన మూడు నాలుగు నెలలకే మిగలవు. చాల ఏళ్ల తరువాత పుట్టిన బిడ్డకు హాని కలగాలంటే, శుక్రకణాలను పుట్టించే మూలకణాలే మారి ఉండాలి, లేదా కొవ్వులో నిలిచిన డయాక్సిన్ అప్పటికీ పని చేస్తూ ఉండాలి.

ప్రయోగాలు రెండు వైపులా సాక్ష్యం చెప్పాయి. మగ చుంచులకు 2,4-డి, 2,4,5-టి, టి.సి.డి.డి. కలిపి తినిపించి, మందు ఎరుగని ఆడ చుంచులతో జతకట్టించిన అమెరికా పరిశోధకులు 1980 ప్రాంతంలో పిల్లలలో అవకరాలేవీ పెరగలేదని చెప్పారు. 2012లో మరొక ప్రయోగంలో గర్భంతో ఉన్న ఎలుకలకు డయాక్సిన్ ఇచ్చి చూడగా, మూడవ తరంలో కూడ కొన్ని రోగాలు, శుక్రకణాలలో గుర్తుల మార్పులు కనిపించాయి. అయితే ఇక్కడ మోతాదు తగిలినది గర్భిణికి, పెద్ద మోతాదు. సైనికుని పరిస్థితి అది కాదు.

మనుషులలో తండ్రి మార్గానికి గట్టి సాక్ష్యం ఇటలీనుండి వచ్చినది. 1976 జూలై 10న సెవెసో సమీపంలోని ఒక కర్మాగారంలో ట్రైక్లోరోఫినాల్ తయారయ్యే పాత్ర వేడెక్కి, డయాక్సిన్‌తో కూడిన మేఘం ఊళ్లమీదికి పోయినది. ఆనాడు తీసిన రక్తాన్ని వైద్యులు భద్రపరిచారు. తరువాత ఆ ప్రాంతపు వారికి పుట్టిన బిడ్డలను లెక్కించగా, 19 ఏళ్ల లోపు వయసులో డయాక్సిన్ సోకిన తండ్రులకు ఆడపిల్లలే హెచ్చుగా పుట్టినట్లు తేలినది. మామూలుగా నూటికి 51 మంది మగపిల్లలు పుట్టవలసినచోట 38 మందే పుట్టారు. తల్లికి సోకటం వలన ఈ తేడా రాలేదు. తండ్రికి సోకినప్పుడే వచ్చినది. ఇది అవకరం కాదు, నిజమే. అయినా బాల్యంలో సోకిన డయాక్సిన్ ఏళ్ల తరువాత తండ్రి శుక్రకణాలమీద గుర్తు వేయగలదని ఇది చెప్పినది. పెద్దవయసులో మందు సోకిన అమెరికా వైమానికుల పిల్లలలో ఇటువంటి తేడా కనపడలేదు.

నాలుగు అనే అంకె

సైనికుల పిల్లల విషయంలో అందరి దృష్టిని ఆకర్షించిన రోగం స్పైనా బైఫిడా, అనగా చీలిన వెన్ను. గర్భం ధరించిన నాలుగు వారాలలో పిండపు వీపుమీద ఒక గాడి ఏర్పడి, అంచులు కలిసి, గొట్టంగా మూసుకొంటుంది. మెదడు, వెన్నుపాము దానినుండే తయారవుతాయి. గొట్టం క్రిందిభాగం మూసుకోకపోతే వెన్నుపాము బయటపడి ఉంటుంది. అటువంటి బిడ్డకు కాళ్లు చచ్చుబడవచ్చు, మూత్రవిసర్జన అదుపులో ఉండకపోవచ్చు, తలలో నీరు చేరవచ్చు. శస్త్రచికిత్స ఒకసారితో తీరదు. తల్లికి ఫోలిక్ ఆమ్లం చాలకపోవటం దీనికి బాగా తెలిసిన కారణం. యుద్ధంతో ఏ సంబంధమూ లేని ఇళ్లలో కూడ అది కనిపిస్తుంది. అసలు చిక్కంతా అక్కడే.

1961లో థాలిడోమైడ్ అనే నిద్రమందు సంగతి త్వరగా బయటపడటానికి కారణం, ఆ మందు వలన చేతులు, కాళ్లు మొలకలవలె మిగిలిన బిడ్డలు పుట్టటమే. మామూలుగా ఎన్నడో గాని కనిపించని అవకరం అది. డయాక్సిన్ బిడ్డమీద అటువంటి ముద్ర ఏదీ వేయదు. ప్రతి నూరుమంది శిశువులలో ఇద్దరు ముగ్గురు ఏదో ఒక అవకరంతో పుడుతూనే ఉంటారు. 27 లక్షల సైనికుల ఇళ్లలో, యుద్ధమే లేకపోయినా, అవకరాలుగల బిడ్డలు వేలసంఖ్యలో పుట్టేవారు. ఒక్క బిడ్డను చూపించి ఇది మందు వలననే అనటం ఏ వైద్యునికీ సాధ్యం కాదు. కాదనటం కూడ సాధ్యం కాదు. చెప్పగలిగినది లెక్క ఒక్కటే.

ఆ లెక్కకు ఎంతమంది కావాలి? చీలిన వెన్ను సుమారు 2,000 మందికి ఒకరిలో కనిపిస్తుందనుకొందాం. వేయిమంది బిడ్డలలో అరబిడ్డ. మందు వలన అది రెట్టింపు అయినా ఒక్క బిడ్డ. ఒకటికి, అరకు మధ్య తేడాను యాదృచ్ఛికం కాదని నిరూపించలేము. 20,000 మందిని చూస్తే 10, 20 అవుతాయి. అప్పుడు మాట్లాడటానికి వీలుంటుంది.

మందు చల్లిన విమానాలలో, వాటి పీపాల దగ్గర పనిచేసిన వైమానికులే అందరికంటె ఎక్కువగా తడిసినవారు. వారు పన్నెండు వందల పైచిలుకు మాత్రమే. అమెరికా వైమానిక దళం 1982 నుండి ఇరవై ఏళ్లకు పైగా వీరిని, మందు ముట్టని ఇతర వైమానికులను పక్కపక్కన పెట్టి పరీక్షించినది. 1995లో ప్రచురించిన ఫలితాల ప్రకారం, మందు చల్లినవారికి యుద్ధసేవ తరువాత పుట్టిన 792 మంది బిడ్డలలో నలుగురికి నాడీనాళం మూసుకొనని అవకరం ఉన్నది; పోలికకు తీసుకొన్న 981 మందిలో ఒక్కరికీ లేదు. నాలుగు, సున్న. తండ్రికి ఇది చాలినంత సాక్ష్యం. గణాంక శాస్త్రజ్ఞునికి ఇది గట్టి అనుమానం, అంతకు మించి కాదు.

అంతకు ముందు, 1984లో, అట్లాంటా నగర ప్రాంతంలో పుట్టిన బిడ్డలపై జరిగిన పెద్ద పరిశోధన మరొక పద్ధతిలో నడిచినది. అవకరాలుగల 7 వేలమందికి పైగా శిశువుల తల్లిదండ్రులను, ఆరోగ్యంగా పుట్టిన 4 వేలమందికి పైగా శిశువుల తల్లిదండ్రులను ప్రశ్నించారు. వియత్నాం వెళ్లిన తండ్రులకు మొత్తంమీద అవకరాల బిడ్డలు హెచ్చుగా పుట్టలేదు. కాని మందు సోకే అవకాశం ఎక్కువగా ఉండిన తండ్రుల పిల్లలలో చీలిన వెన్ను కొంత ఎక్కువగా కనిపించినది. సోకే అవకాశం అన్నది మాత్రం తండ్రి ఎప్పుడు, ఎక్కడ ఉన్నాడనే కాగితాలనుండి, జ్ఞాపకాలనుండి కట్టిన అంచనా.

ఆ అంచనా ఎంత బలహీనమో కొద్ది కాలానికే తెలిసినది. రక్తంలో డయాక్సిన్‌ను లక్ష కోట్ల పాళ్లలో ఒక పాలు వరకు కొలిచే విధానం 1980 దశకంలో వచ్చినది. వియత్నాంలో కాలినడకన తిరిగిన ఆరువందలమందికి పైగా సైనికుల రక్తం తీసి చూస్తే, సగటున 4 పాళ్లు ఉన్నది. వియత్నాం మొహం చూడని సైనికులలో కూడ 4 పాళ్లే. మందు చల్లిన వైమానికులలో మాత్రం అంతకు ఎన్నో రెట్లున్నవారు కనిపించారు. కనుక వియత్నాం వెళ్లిన ప్రతి సైనికుని మందు సోకినవానిగా లెక్కించిన పరిశోధనలు, నిజంగా సోకిన కొద్దిమందిని సోకని ఎందరిలోనో కలిపి పలుచన చేశాయి. ఏ తేడా లేదని అటువంటి పరిశోధన చెప్పినప్పుడు, హాని లేదని అర్థం చేసుకోరాదు.

మందు పడిన నేల

అమెరికా సైనికుడు ఏడాది ఉండి వెళ్లిపోయాడు. వియత్నాం రైతు అక్కడే ఉన్నాడు. మందు చెరువుల మట్టిలో చేరినది. మట్టినుండి చేపకు, బాతుకు, వాటినుండి మనిషికి. చేపలలో, రొయ్యలలో టి.సి.డి.డి. ఉన్నట్లు అమెరికా శాస్త్రజ్ఞులు బాఘ్‌మన్, మెసెల్సన్ 1973లోనే చూపారు. పీపాలు నిలవచేసిన డా నాంగ్, బియెన్ హోవా విమానాశ్రయాల మట్టి దశాబ్దాల తరువాత కూడ విషంగానే ఉండినది. డా నాంగ్‌లో ఆ మట్టిని కుప్పపోసి 335 డిగ్రీల సెంటీగ్రేడుకు పైగా వేడిచేసి శుద్ధిచేయటం 2018లో ముగిసినది. బియెన్ హోవా పని 2019లో మొదలైనది.

తండ్రి మార్గాన్ని విడిగా చూడటానికి వియత్నాంలో ఒక అవకాశం దొరికినది. ఉత్తర వియత్నాంలో మందు చల్లలేదు. అక్కడి యువకులు దక్షిణాదికి వెళ్లి పోరాడి ఇల్లు చేరారు. భార్యలు ఊరు కదలలేదు. ఆ దంపతుల బిడ్డలను, దక్షిణాదికి వెళ్లని పురుషుల బిడ్డలతో పోల్చవచ్చునని హనోయ్ శస్త్రవైద్యుడు టోన్ థట్ టుంగ్, ఆయన సహచరులు గ్రహించారు. యుద్ధసేవ చేసినవారి బిడ్డలలో అవకరాలు హెచ్చని వారు ప్రకటించారు. 2006లో ఇటువంటి పరిశోధనలన్నిటిని కూడగట్టి చూసినప్పుడు, వియత్నాంలో జరిగిన పరిశోధనల ప్రకారం మందు సోకినవారి సంతానంలో అవకరాలు మూడు రెట్లు. ఇతర దేశాల పరిశోధనల ప్రకారం 1.3 రెట్లు మాత్రమే. వియత్నాం ప్రజలకు సోకిన మోతాదు ఎక్కువ కనుక తేడా సహజమని కొందరన్నారు. ఆ పరిశోధనలలో చాలవాటిలో రక్తం కొలవలేదనీ, పేదరికం, పోషకాహార లోపం, ఇతర రోగాల ప్రభావాన్ని విడదీయలేదనీ మరికొందరు ఆక్షేపించారు. రెండు మాటలలోను నిజమున్నది. యుద్ధంలో నలిగిన దేశానికి లక్షల రక్తపరీక్షల ఖర్చు భరించే శక్తి లేదనేది ఆక్షేపించేవారు మరచిపోయే సంగతి.

చట్టం చేసిన నిర్ణయం

1991లో అమెరికా కాంగ్రెస్ ఒక చట్టం చేసి, జాతీయ విజ్ఞాన అకాడమీ నియమించే సంఘం రెండేళ్లకొకసారి సాక్ష్యాన్ని తూచి నివేదిక ఇవ్వాలన్నది. ఆ సంఘం సాక్ష్యానికి తరగతులు పెట్టినది: చాలినంత ఉన్నది, పరిమితంగా సూచిస్తున్నది, నిర్ణయించటానికి చాలదు అని. 1996లో, ముఖ్యంగా వైమానికుల పిల్లల అంకెలను చూసి, చీలిన వెన్నును రెండవ తరగతిలో పెట్టారు. అదే సంవత్సరం కాంగ్రెస్ ఆ బిడ్డలకు నెలభత్యం, వైద్యం, వృత్తిశిక్షణ ఇచ్చే చట్టం చేసినది. యుద్ధానికి వెళ్లినవాని బిడ్డకు, బిడ్డ హక్కుగా, అమెరికా భత్యం ఇవ్వటం అదే మొదలు. 2003లో కొరియా సరిహద్దున మందు చల్లినచోట పనిచేసినవారి పిల్లలకు కూడ దానిని వర్తింపజేశారు.

తల్లుల సంగతి వేరు. వియత్నాంలో పనిచేసిన కొన్ని వేలమంది మహిళలలో చాలమంది నర్సులు. వారి బిడ్డలలో అవకరాలు ఇతర మహిళా సైనికుల బిడ్డలకంటె సుమారు ఒకటిన్నర రెట్లని ఒక పరిశోధన చెప్పగా, 2000లో చేసిన చట్టం ఎన్నో రకాల అవకరాలకు భత్యం ఇచ్చినది. ఏ రసాయనం వలన అని ఆ చట్టం అడగలేదు. ఆసుపత్రిలోని మత్తు వాయువులు కావచ్చు, మరొకటి కావచ్చు. తల్లి వియత్నాంలో పనిచేసినదనటమే చాలు.

తరువాత జరిగినది గమనించదగినది. కాలం గడిచినకొద్ది చీలిన వెన్నుకు కొత్త సాక్ష్యం ఏదీ చేరలేదు. పాత అంకెలు అంతే చిన్నవిగా మిగిలాయి. 2016లో వెలువడిన నివేదికలో సంఘం ఆ రోగాన్ని రెండవ తరగతినుండి మూడవ తరగతికి, అనగా నిర్ణయించటానికి సాక్ష్యం చాలదనే తరగతికి దించినది. చట్టం మాత్రం మారలేదు. భత్యం ఆగలేదు. శాస్త్రం తన తీర్పును సవరించుకోవచ్చు. నడవలేని మనిషికి ఇస్తున్న భత్యాన్ని దానితోపాటు సవరించవలసిన అవసరం కాంగ్రెస్‌కు కనపడలేదు. సందేహపు భారం ఎవరి నెత్తిన ఉండాలనేది ప్రయోగశాల తేల్చే ప్రశ్న కాదు గదా.

1991 గల్ఫ్ యుద్ధంలో పనిచేసినవారి సంతానం గురించి అదే అకాడమీ 2018లో ఒక నివేదిక వెలువరించినది. అక్కడ చమురుబావుల పొగ, కీటకనాశనులు, నాడీవాయువులు, ఎన్నో కలిసి ఉన్నాయి. ఎవరికి ఏది ఎంత సోకినదో కొలిచిన లెక్కలు లేవు కనుక బిడ్డల విషయంలో తేల్చి చెప్పలేకపోయారు. సైనికులను, వారి జీవిత భాగస్వాములను, పిల్లలను, మనుమలను దీర్ఘకాలం అనుసరించే పథకం ఎట్లు ఉండాలో ఆ నివేదిక వివరించినది. సెవెసోలో వైద్యులు రక్తపు సీసాలను శీతలపేటికలో పెట్టి ఉంచినట్లు, సోకిననాడే కొలిచి పెట్టుకొంటేనే మనుమల నాటికి లెక్క తేలుతుంది.